చూరు కింది చేప: రాయల్ గ్రామా, కరీబియన్ సున్నపురాయి

(ఉప్పునీటి ఆక్వేరియం పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడుకునే చేప పొడవు మూడంగుళాలు. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. దుకాణంలో రాయల్ గ్రామా అంటారు, డైవర్లు ఫెయిరీ బాస్‌లెట్ అంటారు. శాస్త్రీయ నామం గ్రామా లొరేటో. క్యూబాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఫెలీపె పోయ్ 1868లో దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఉప్పునీటి ట్యాంక్ మొదలుపెట్టేవాళ్ళు కొనే మొదటి నాలుగైదు చేపల్లో ఇది తప్పకుండా ఉంటుంది. రంగు చూసి కొంటారు. ఆ చేప ఎలాంటి రాయి కింద బతికిందో మాత్రం అడగరు. అందుకని నేను ముందు రాయి సంగతి చెప్పి తర్వాత చేప దగ్గరికి వస్తాను.

బెర్ముడా, బహామాస్ మొదలుకొని క్యూబా, హైతీ, ప్యూర్టోరికో, చిన్న ఆంటిలీస్ దీవుల మీదుగా మధ్య అమెరికా తీరం, దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు దాకా ఈ చేప ఉంటుంది. ఆ సముద్రంలో రాయి అంటే చాలాచోట్ల సున్నపురాయే. మన విశాఖ తీరంలో అలలు కొట్టుకునే రాయి ఖొండలైట్, అది నీళ్ళకు కరిగి గుహలు కట్టే రకం కాదు. సున్నపురాయి నీటికి ఎలా లొంగుతుందో చూడాలంటే అరకు దారిలో బొర్రా గుహలు చూడండి. కరీబియన్‌లోనూ అదే జరిగింది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పుడు బయటపడ్డ సున్నపురాయిని వాననీళ్ళు వేల ఏళ్ళు తొలిచాయి. తర్వాత సముద్రం పైకి వచ్చి ఆ బొరియలన్నీ నింపేసింది. బెలీజ్ దగ్గరున్న గ్రేట్ బ్లూ హోల్ అలా మునిగిపోయిన గుహే. వెడల్పు 300 మీటర్లు, లోతు 120 మీటర్లకు పైనే.

అంత పెద్దవి మన చేపకు అక్కర్లేదు. దానికి కావలసింది చూరు. రాయి ముందుకు పొడుచుకొచ్చి, కింద జానెడో బారెడో ఖాళీ ఉంటే చాలు. అలాంటి చూరులను తయారుచేసేది ఎక్కువగా పగడాలే. అక్కడ ఆర్బిసెల్లా అనే గుట్ట పగడం ఉంది, కరీబియన్ పగడపు దిబ్బల్లో చాలా భాగం కట్టింది అదే. దానికి వెలుతురు కావాలి కాబట్టి నెత్తి మీదా భుజాల మీదా పెరుగుతుంది. అడుగున నీడ పడే అంచులో పగడం చచ్చిపోతుంది. ఆ చచ్చిన భాగాన్ని తొలిచే స్పాంజ్‌లు, పురుగులు, సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్‌లు) లోపలికి తవ్వుకుంటూ పోతాయి. పైన పెరుగుదల, కింద తొలుపు. ఈ రెండూ కలిసి జరిగితేనే చూరు ఏర్పడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చూరు లోపలి కప్పు మీద నాచు పెద్దగా ఉండదు, వెలుతురు చాలదు కాబట్టి. అక్కడ స్పాంజ్‌లు, బ్రయోజోవాలనే గుంపుగా పెరిగే చిన్న జీవులు, చిన్న చిన్న ఒంటి పగడాలు అతుక్కుని ఉంటాయి. హోమోట్రీమా అనే ఎర్రటి ఏకకణజీవి పొక్కుల్లా పెరుగుతుంది. బెర్ముడా ఇసుక గులాబీ రంగులో ఉండేది ఆ జీవుల పెంకులు విరిగి కలవడం వల్లే. గ్రామా కళ్ళకు నిత్యం కనిపించేది ఈ కప్పు. ఎందుకంటే ఈ చేపకు 'కింద' అంటే నేల కాదు, పొట్టకు దగ్గరగా ఉన్న రాయి. నేల మీద ఉంటే మామూలుగా ఈదుతుంది. నిలువు గోడ దగ్గర పొట్ట గోడవైపు పెట్టి పక్కకు తిరుగుతుంది. చూరు కింద పూర్తిగా వెల్లకిలా ఈదుతుంది. చేప తిరగబడింది, చచ్చిపోతోంది అని కొత్తగా కొన్నవాళ్ళు కంగారుపడేది ఇక్కడే. తిరగబడ్డ చేప మీ వేలికి స్పందించి ఠక్కున రాతిలోకి దూరితే అది ఆరోగ్యంగా ఉన్నట్టే.

దీని ఆహారం నీటిలో కొట్టుకొచ్చే జంతుప్లవకాలు, ముఖ్యంగా కోపెపాడ్‌లనే చిన్న రొయ్యజాతి జీవులు. ప్రవాహం చూరు బయటి అంచును రాసుకుంటూ పోతుంది కాబట్టి మేత ముందు దొరికేది ఆ అంచు దగ్గర. ఒక చూరు కింద చాలా గ్రామాలు కలిసి ఉంటాయి కానీ సమానంగా ఉండవు. బహామాస్ దిబ్బల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది ఇదే. పెద్దవి బయటి అంచును పట్టుకుంటాయి, చిన్నవాటిని లోపలికి తరుముతాయి. లోపలికి వచ్చే నీటిలో ముందున్నవాళ్ళు తినగా మిగిలిందే ఉంటుంది. అందుకని లోపలున్నవి నెమ్మదిగా పెరుగుతాయి, పెరగవు కాబట్టి ముందుకు రాలేవు. పోట్లాట ఎక్కువగా నోరు తెరిచి బెదిరించడంతోనే ముగుస్తుంది. దవడ పూర్తిగా చాపి ఎదుటి చేప మొహాన పెడుతుంది. ఎదుటిది చిన్నదైతే తప్పుకుంటుంది. పిల్లచేపలు అప్పుడప్పుడూ పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటాయి కూడా.

ఇదే కుటుంబంలో నెత్తిన నల్ల టోపీ ఉన్న ఇంకో చేప ఉంది, గ్రామా మెలకారా. ఒళ్ళంతా ఊదా. అది సాధారణంగా ఇంకా లోతున, నిలువు గోడల మీద ఉంటుంది. రాయల్ గ్రామా కొద్ది మీటర్ల లోతు నుంచి 60 మీటర్ల దాకా కనిపిస్తుంది. రెండూ ఒకే చూరు కింద పడ్డ చోట స్థలం కోసం పోటీ పడతాయి.

రంగు గురించి ఒక మాట. దుకాణంలో తెల్లని లైటు కింద మెరిసే ఆ ఊదా, సముద్రంలో పదిహేను మీటర్ల లోతున, చూరు నీడలో అంత మెరవదు. ఎర్ర కాంతి మొదటి కొద్ది మీటర్లలోనే నీటిలో ఇంకిపోతుంది. మిగిలిన నీలపు వెలుతురులో ముందు సగం ముదురు నీడలో కలిసిపోతుంది. మనం రాజసం అనుకునే రంగు దాని ఇంట్లో పెద్దగా కనపడని రంగు.

ఇక సంతానం. మగ, ఆడ తేడా రంగులో లేదు, మగది సాధారణంగా కాస్త పెద్దది. ఈ చేప ఆడగా పుట్టి మగగా మారుతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. అది సరికాదు. 1997లో ప్రచురించిన కణజాల పరిశీలనలో తేలిందేమిటంటే, పిల్లదశలో బీజకోశంలో ఆడ, మగ రెండు రకాల కణజాలమూ ఉంటుంది, పెద్దయ్యేటప్పుడు ఏదో ఒకటిగా స్థిరపడుతుంది. ఒకసారి ఆడదైతే ఆడదే. మీరు రెండు చేపలు కొని ఒకటి మగగా మారుతుందని ఎదురుచూడటంలో అర్థం లేదు.

మగది రాతిలో ఒక బొరియ ఎంచుకుని నాచు తునకలు నోటితో తెచ్చి లోపల పరుస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్డు మీద సన్నని పోగులుంటాయి, వాటితో నాచుకు అతుక్కుంటుంది. మగది కాపలా ఉంటుంది. ఐదు నుంచి ఏడు రోజుల్లో పిల్లలు బయటికొచ్చి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. కొన్ని వారాలు తేలుతూ తిరిగి, బతికినవి ఏదో ఒక చూరు కిందికి చేరతాయి. చేరాక పెద్దగా కదలవు. అందుకే ఆ చూరుకు ఏమైతే ఈ చేపకూ అదే అవుతుంది.

ఆ చూరుకు రెండు వైపుల నుంచి ముప్పు వచ్చింది.

ఒకటి లయన్‌ఫిష్. మన హిందూ మహాసముద్రం, పసిఫిక్‌లకు చెందిన చేప. ఆక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికా చేరి అక్కడి నీళ్ళలో పడింది. 1985లో ఫ్లోరిడాలోని డేనియా బీచ్ దగ్గర మొదటిసారి దొరికింది, 2004లో బహామాస్‌లో కనిపించింది, 2010 నాటికి కరీబియన్‌లో చాలా భాగం పాకేసింది. 1992లో వచ్చిన ఆండ్రూ తుఫానుకు ఎవరిదో ట్యాంక్ పగిలి ఇదంతా మొదలైందని ఒక కథ తిరుగుతుంటుంది. ఏడేళ్ళ ముందే దొరికిన చేపకు ఆ కథ అతకదు. ఒక ఆడ చేప ఏడాదికి ఇరవై లక్షల గుడ్ల వరకు పెట్టగలదు.

పగటిపూట లయన్‌ఫిష్ విశ్రాంతి తీసుకునే చోటు ఏదనుకుంటున్నారు? ఆ చూరే. గ్రామాకు తెలిసిన వేటచేపలు, అంటే గ్రూపర్‌లు, ట్రంపెట్ చేపలు బయటి నుంచి వస్తాయి. వాటి నుంచి తప్పించుకోవడానికి లోపలికి పరిగెత్తడం సరిపోతుంది. లయన్‌ఫిష్ లోపలే ఉంటుంది. పెద్ద రెక్కలు విసనకర్రలా చాపి చిన్నచేపను మూలకు నెట్టి ఒక్క గుటకలో మింగుతుంది. బహామాస్‌లో చిన్న దిబ్బల మీద చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్కో దిబ్బ మీద ఒక్కో లయన్‌ఫిష్‌ని ఉంచితే ఐదు వారాల్లో కొత్తగా చేరే పిల్లచేపల సంఖ్య సగటున 79 శాతం తగ్గింది. గ్రామా మీద విడిగా చేసిన పరిశీలన ఇంకా ఇబ్బందికరంగా ఉంది. స్థానిక వేటచేపలు మాత్రమే ఉన్నచోట గ్రామాలు పలచబడే కొద్దీ ఒక్కో చేపకు ప్రమాదం తగ్గుతుంది, గుంపు తిరిగి కోలుకుంటుంది. లయన్‌ఫిష్ ఉన్నచోట గుంపు చిన్నదైనా తినడం ఆగదు. అలా కొన్ని చూరులు పూర్తిగా ఖాళీ అయిపోతాయి.

దానికి అక్కడివాళ్ళు చేస్తున్నది ఈటెలతో పట్టి తినడం. 2009 నుంచి పోటీలు పెట్టి మరీ పడుతున్నారు. విషపు ముళ్ళు 18: వీపున 13, పొట్ట రెక్కలకు 2, తోక దగ్గర అడుగున 3. కత్తెరతో అవి కోసేస్తే మాంసం మామూలు చేపే. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు మించకుండా, చెయ్యి ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి చెడిపోయే ప్రోటీన్ కాబట్టి నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇది ట్యాంక్‌లో లయన్‌ఫిష్ పెంచేవాళ్ళకూ వర్తిస్తుంది. ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారనుకుంటాను.

రెండోది రాయే పోవడం. గ్రామా పగడాన్ని తినదు, కాబట్టి పగడం చచ్చిన మర్నాడే దానికేమీ కాదు. చచ్చిన పగడం చూరు కూడా కొన్నేళ్ళు నిలుస్తుంది. కానీ ఇందాక చెప్పాను, చూరు అంటే పైన పెరుగుదల, కింద తొలుపు. పెరుగుదల ఆగి తొలుపు మాత్రం సాగితే కప్పు పలచబడి ఒక తుఫానుకు కూలుతుంది. 1970ల చివర, 80లలో వచ్చిన తెల్లపట్టీ తెగులు కొమ్ము పగడాలను తుడిచిపెట్టింది. 1983–84లో డయడీమా అనే నల్ల ముళ్ళకాయలు నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. అవి మేసే నాచు పగడాల మీద కమ్మేసింది. 1970ల చివర్లో సగటున 50 శాతం దిబ్బను కప్పి ఉన్న సజీవ పగడం పాతికేళ్ళలో 10 శాతానికి పడిపోయింది. 2014లో ఫ్లోరిడాలో బయటపడ్డ కణజాల తెగులు ఇప్పుడు కరీబియన్ అంతా పాకి గుట్ట పగడాలనే చంపుతోంది. 2023 వేడికి మిగిలినవీ పాలిపోయాయి. ఎగుడుదిగుడుగా ఉండే దిబ్బలు చదునవుతున్నాయి. చదునైన దిబ్బ మీద గ్రామాకు చోటు లేదు.

ఇప్పుడు మన ట్యాంక్ దగ్గరికి వద్దాం. ఒక్క చేపకు 110–120 లీటర్లు చాలు. ముందు చూరు కట్టండి, తర్వాతే చేప. రాయి ఎక్కడి నుంచి తెస్తారన్నది మొదటి ప్రశ్న. మన సముద్రంలోని గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. రామేశ్వరం నుంచో లక్షద్వీప్ నుంచో ఎవరో తెచ్చిన పగడపు రాయి చవగ్గా దొరికినా తీసుకోవద్దు, అది నేరం. సిరామిక్ రాయి, సిమెంటుతో చేసిన కృత్రిమ రాయి దొరుకుతాయి. సిమెంటు రాయైతే కొన్ని వారాలు మంచినీళ్ళలో నానబెట్టి నీళ్ళు మారుస్తూ ఉండాలి. నీటి పీహెచ్ 8.5 కంటే కిందికి వచ్చి నిలబడేదాకా ట్యాంక్‌లో పెట్టకూడదు.

కప్పు పలక పాతిక నుంచి ముప్పై సెంటీమీటర్ల పొడవు, పన్నెండు పదిహేను సెంటీమీటర్ల లోపలి లోతు ఉండాలి. ముందు నోరు 6–8 సెంటీమీటర్ల ఎత్తు, వెనక్కి పోయేకొద్దీ ఇరుకు. వెనకో పక్కకో రెండో దారి తప్పనిసరి. ఒకటే దారి ఉంటే పెద్ద చేప ముందు నిలబడ్డప్పుడు గ్రామా లోపలే చిక్కి తిండి మానేస్తుంది. రాళ్ళను గాజు అడుగు మీద నేరుగా కూర్చోబెట్టి ఆ తర్వాత ఇసుక పొయ్యండి. ఇసుక మీద రాళ్ళు పేరిస్తే తవ్వే చేపలు కింద ఖాళీ చేస్తాయి, కప్పు కూలుతుంది. కీళ్ళను ఎపాక్సీతో గానీ యాక్రిలిక్ కడ్డీలతో గానీ బిగించి, నీళ్ళు పోయకముందే చేత్తో గట్టిగా నెట్టి చూడండి.

పంపు ప్రవాహం చూరు ముందు అంచును రాసుకుని పోవాలి, లోపలికి సూటిగా కొట్టకూడదు. సూటిగా కొడితే చేప ఆ చోటు వదిలేస్తుంది. అసలు ప్రవాహం లేకపోతే లోపల మడ్డి పేరుకుంటుంది, మేత అందదు. మేత వేసేటప్పుడు ప్రవాహానికి ఎగువన వెయ్యండి, అంచు దాకా అదే కొట్టుకొస్తుంది. మైసిస్ రొయ్యలు, పోషకాలు పట్టించిన బ్రైన్ ష్రింప్, సన్నగా తరిగిన పచ్చి రొయ్య. రోజుకు రెండు మూడు సార్లు, కొంచెం కొంచెం. మొదటి రెండు మూడు రోజులు తినకపోతే భయం లేదు.

నీటి లెక్కలు త్వరగా చెప్పేస్తాను, ఇక్కడ చాలామందికి తెలిసినవే. ఆర్ఓ, డీఐ (నీటిలోని లవణాలు తీసేసే వడపోతలు) రెండూ దాటిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సాల్ట్ మిక్స్, సాంద్రత 1.025. ఉష్ణోగ్రత 24–27 డిగ్రీలు. అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యేదాకా, అంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, చేప వద్దు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీటితో సున్నాకు తిప్పి ఊరుకోకండి, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూడండి. ఎండాకాలంలో ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గినంత ఆర్ఓ నీళ్ళే పొయ్యండి, ఉప్పునీళ్ళు పోస్తే సాంద్రత రోజురోజుకీ పైకి పోతుంది. ఫ్యాన్‌తో చల్లబరిచే పద్ధతి హైదరాబాద్ పొడి ఎండలో కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కలో అంత పనిచెయ్యదు, అక్కడ చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజన్, అందుకు బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర పెట్టుకోండి. పైన 6 మిల్లీమీటర్ల కన్ను వల బిగించండి. ఈ చేప ఎగురుతుంది, పైపు వెళ్ళే సందులోంచి కూడా.

కొనేటప్పుడు మూడు గుర్తులు చూడండి. కంటి మీదుగా నల్లగీత, వీపు రెక్క ముందు భాగంలో నల్లచుక్క, ఊదా పసుపు కలిసే చోట చుక్కలు చుక్కలుగా కలవడం. గీత గీసినట్టు నిట్టనిలువుగా రంగు మారితే, కంటి గీతా రెక్క చుక్కా లేకపోతే అది పసిఫిక్ డాటీబ్యాక్. రాయల్ గ్రామా పేరుతోనే అమ్ముతుంటారు. అది ట్యాంక్‌లో ఎవరినీ బతకనివ్వదు. తోక పైకి లేచి తేలుతూ కిందికి దిగడానికి అవస్థపడే చేపను వదిలెయ్యండి. లోతు నుంచి తొందరగా పైకి లాగడం వల్ల గాలితిత్తి ఉబ్బిన చేప అది. ఆక్వేరియంలో పొదిగించి పెంచినవీ మార్కెట్‌లోకి వస్తున్నాయి, ధర ఎక్కువైనా నేను వాటికే ఓటేస్తాను.

ఇంటికి తెచ్చాక తెగులేమైనా ఉందేమో చూడటానికి వేరే ట్యాంక్‌లో కనీసం నాలుగు వారాలు ఉంచండి. అక్కడ చూరు బదులు రెండంగుళాల పీవీసీ పైపు ముక్క చాలు. దూరం నుంచి పార్సిల్‌లో వచ్చిన చేప సంచిలోకి గంటల తరబడి చుక్కలు చుక్కలుగా ట్యాంక్ నీళ్ళు వదలకండి. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా హాని చెయ్యని అమ్మోనియా విషమవుతుంది. సంచి నీటి సాంద్రతకు ముందే ట్యాంక్ సరిచేసుకుని, ఉష్ణోగ్రత కలవగానే వదిలెయ్యండి. తెల్లచుక్కల తెగులు వస్తే రాగి మందు ఈ ట్యాంక్‌లోనే, కిట్‌తో కొలుస్తూ. రాళ్ళున్న ట్యాంక్‌లో రాగి వేస్తే రొయ్యలు, పగడాలు చస్తాయి, రాయి రాగిని పీల్చుకుంటుంది. పెద్ద ట్యాంక్‌కి తెగులు పాకితే చేపలన్నీ తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచమని జాగ్రత్తపరులు చెబుతారు. ఆరు వారాలకు తక్కువైతే మాత్రం అస్సలు నమ్మొద్దు.

(ప్రశ్న: సార్, సముద్రంలో గుంపుగా ఉంటాయన్నారు కదా, రెండు మూడు కలిపి పెంచొచ్చా?)

పెంచొచ్చు, కానీ సముద్రంలో ఓడిపోయిన చేప చూరు లోపలికి పోతుంది, లేదా ఇంకో చూరు వెతుక్కుంటుంది. 120 లీటర్లలో దానికి పోయే చోటు లేదు, వారం తిరక్కుండా రెక్కలు చిరిగి మూలన నక్కుతుంది. కలిపి పెంచాలంటే 400 లీటర్లకు పైబడ్డ ట్యాంక్, దూరదూరంగా రెండు మూడు చూరులు కావాలి. చేపలను ఒకేరోజు వదలాలి. సైజుల్లో తేడా స్పష్టంగా ఉండాలి, ఒకే సైజువైతే పోట్లాట తెగదు. చిన్నదాన్ని రోజూ మేత వేళ గమనించండి. రెండు రోజులు వరసగా అంచుకు రాకపోతే మూడో రోజు దాన్ని తీసి వేరే పెట్టండి.